తెల్లతెర అల్లుడు

రాస్తున్నావా తల్లీ? ఆగు. ముందు ఆ రాసే పేజీ మూసి మళ్ళీ తెరువు. అదిగో, చూశావా? నీ అక్షరాలు రాకముందు తెర ఒక్క రెప్పపాటు తెల్లగా అయింది. నిన్నటి నుంచి అది చూసినప్పుడల్లా నాకు ఒక చోట కూర్చోబుద్ధి కావడం లేదు. నేను తిరుగుతూనే చెబుతాను. నువ్వు రాసుకుంటూ పో, నన్ను కూర్చోమనకు.

నిన్న మార్కాపురం నుంచి వస్తుంటే ఊరి చివర గుంతల రోడ్డులో బస్సు నెమ్మదించింది. కిటికీలోంచి చూస్తే మూసిన షట్టరు. దాని మీద ఫ్లెక్సీ, పైన పెద్దపెద్ద అక్షరాలు, మధ్యలో ఫోటో. ఫోటో చూడగానే ఆనవాలు పట్టాను. నేను కూడబలుక్కుని చదివే మనిషిని కదా, ‘శ్రద్ధాంజలి’ అన్న ఒక్క మాటలోని వత్తులన్నీ దాటుకుని బయటపడేసరికే బస్సు కదిలింది. పేరు కింద ఎక్కడో ఉంది. చదవలేకపోయాను.

“ఆపు నాయనా, ఒక్క నిమిషం ఆపు!” అని అరిచాను.

“ఈడ స్టేజీ లేదు పెద్దమ్మా. ఏం మరిసిపోయినావు?” అన్నాడు కండక్టరు.

ఏం చెప్పను? మరిచిపోవడానికి ఆ పేరు నాకు తెలిస్తే కదా. ఏడెనిమిదేళ్ళు ఎరిగిన మనిషి. నేను ‘అల్లుడా’ అన్నాను, ఆయన ‘అత్తా’ అన్నాడు, అంతటితో సరిపోయింది. ఊళ్ళో వాళ్ళేమో ఆయన్ని ‘తెల్లతెర’ అన్నారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆ మాట కూడా రాయి, దాచకు.

నువ్వు అప్పటికి పుట్టలేదనుకుంటా. అర్ధవీడు పక్కన ఉండేవాళ్ళం, మీ తాతకూ నాకూ తొంభై గొర్రెలు. మా కాపర్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘానికి ఒక గది, ఒక ఫ్రిజ్జు, టీకాలు పొడిచే ఒక కాంపౌండరు. ఏ మందకు ఏ టీకా వేశారో కార్డు మీద చేత్తో రాసిచ్చేవారు. మీ తాత ఆ కార్డును తలగుడ్డలో దోపుకునేవాడు. చెమటకు, వానకు నాని, మళ్ళీ టీకా రోజుకల్లా అది కార్డో తమలపాకో తెలిసేది కాదు. అందుకని కంప్యూటరు పెట్టించారు. దాన్ని పెట్టడానికి మార్కాపురం నుంచి వచ్చిన మనిషే ఈయన. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు, చొక్కా జేబుకు ఎప్పుడూ సిరా మరక.

“నాకు నెట్లో పేజీలు కట్టేది ఒక్కటే వచ్చత్తా” అన్నాడు మొదటి రోజే. “ఈడ చూస్తే నెట్టు లేదు. అందుకని ఆ పేజీల్నే తెచ్చి ఈ డబ్బాలో కాపురం పెట్టించినా. బయటి నుంచి చూస్తే మామూలు ప్రోగ్రాము. లోపల మాత్రం అది వెబ్ పేజీనే.”

“కరెంటు పోతే?”

“పోతే నిద్రపోతాయి. వస్తే లేస్తాయి. మీ ఊర్లో మనుషులంతే గదా.”

ఆ రోజు మీ తాత కోసం సంఘం గదిలో ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఈయన కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. కూర్చోడు, అది ఆయన అలవాటు. కుర్చీ మీద ఒక కాలు పెట్టి, పెన్ను మూత కొరుకుతూ, తెరవైపు వంగి ఉంటాడు. రెండు నిమిషాలకొకసారి గది బయటికి పోయి ఆకాశం చూసి మళ్ళీ వస్తాడు. టీ తెచ్చి పెడితే మీగడ కట్టేదాకా ముట్టడు, తరవాత చల్లటిదే గటగటా తాగేస్తాడు. ఉన్నట్టుండి నావైపు తిరిగి, “అత్తా, ఈడ నీకేం కనబడతాంది?” అన్నాడు.

చూశాను. కార్డు బొమ్మ ఉంది. పేరు ఉండాల్సిన చోట వంకీలు తిరిగిన గీతలు, అటు రెండు, ఇటు రెండు.

“మీసాలు కనబడతాండాయి” అన్నాను.

పడీ పడీ నవ్వాడు. “మీసాలేలే. ఆ మీసాల మధ్యలోకి ఏ కాపరి పేరు పోతే ఇది ఆ కాపరి కార్డు అయితాది. కార్డును నేను ఒక్కసారే కడతా. మందలు ఎన్నైనా రానీ.”

“ఇంతేనా? ఇది చట్రం గదా అల్లుడా. పెండ్లి కాకముందు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో నేను చేసింది ఇదే పని. చెక్క చట్రం అంతా ఒకే కొలత. రాయి ఏ గనిలో నుంచి వచ్చినా దాంట్లో కూచోవాల్సిందే.”

ఆయన నవ్వు ఆగిపోయింది. పెన్ను నోట్లోంచి తీసి, “మూడేండ్ల నుంచి జనానికి ఇది చెప్పలేక చస్తాండా. నువ్వు ఒక్క మాటలో తేల్చినావు” అన్నాడు. అప్పటి నుంచి ఆయన ఆ ప్రోగ్రాములో ఏది మార్చినా ముందు నాకు చూపించేవాడు. నేను గదిలో లేకపోతే ఇంటికి కబురు పంపేవాడు. మీ తాతకు ఒళ్ళు మండేది. “గొర్రెలు నావి, పెత్తనం నీది” అనేవాడు.

ఇంకో చాదస్తం ఉండేది ఆయనకు. ఊళ్ళోకి వచ్చిన వాళ్ళందరినీ “మీ ఇంటిపేరుతో కలిపి పేరు చెప్పండి” అని అడిగేవాడు. ఎవరి పేరు బాగా పొడుగైతే దాన్ని కార్డులో పెట్టి, గడిలో పడుతుందా లేదా అని చూసేవాడు. పట్టకపోతే ఆ పూట అన్నం లేదు. తెర మీద అక్షరాల కింద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపేవాడు, వత్తులు సగానికి తెగిపోతున్నాయేమో అని. “ఇంగ్లీషోళ్ళ గడిలో మన వత్తుకు చోటుండదత్తా. తల పడితే కాళ్ళు పట్టవు. మనమే కింద కొంచెం చోటు అడుక్కోవాల” అనేవాడు. అందరి పేర్లూ అంత శ్రద్ధగా చూసిన మనిషి కార్డు మీద ఎక్కడా తన పేరు వేసుకోలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు తెల్లతెర సంగతి. ఆ కంప్యూటరు ముసలిది, ఎక్కడో పాతది కొన్నారు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు పోయేటప్పుడు తెరంతా తెల్లబడేది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు అలాగే ఉండి, అప్పుడు కొత్త కార్డు వచ్చేది. ఒకరోజు గది నిండా కాపర్లు ఉన్నారు. తెర తెల్లబడింది. నా నోరు ఊరుకోదు కదా, “ఏంది అల్లుడా, నీ పెట్టె సున్నం కొట్టుకోని వస్తాందా?” అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. మరుసటి రోజు నుంచి ఆయన బండి కనబడితే చాలు, “తెల్లతెర వచ్చినాడురో” అని ఒకటే మేళం. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వుతూనే బయటికి పోయి ఆకాశం చూసేవాడు. అది గమనించి కూడా నేను ఊరుకోలేదు. మళ్ళీ మళ్ళీ అన్నాను.

ఒక నాలుగు రోజులు కనబడలేదు. తరవాత వచ్చి, నన్ను పిలిచి, “ఇప్పుడు చూడత్తా” అన్నాడు. ఒక కార్డు మీద నుంచి ఇంకో కార్డుకు పోయాడు. తెలుపు లేదు. పేరు చటుక్కున మారింది, కింద గళ్ళు నింపాదిగా మారాయి.

“మొగం కడుక్కోని వచ్చినట్టుంది” అన్నాను. ఆయన మొహం చూడాల్సింది అప్పుడు. ఆ రోజు టీ వేడిగా తాగాడు.

ఆ ఏడు తొలకరికి ముందు చిటుకు రోగం టీకాలు మొదలుపెట్టారు. చిటుకు నీకు తెలియదు కదూ. తొలి వానలకు లేచిన లేతగడ్డిని ఆబగా మేసిన గొర్రె, అందులోనూ బాగా బలిసినది, రాత్రి బాగానే పడుకుంటుంది, పొద్దునకల్లా కాళ్ళు చాచేసి ఉంటుంది. మందు పెట్టే సందు కూడా ఇవ్వదు. వానలు పడకముందే పొడిపించుకోవాలి. మా మంద వంతు వచ్చిన రోజు మీ తాత గొర్రెల్ని దడిలోనే ఉంచి, కాంపౌండరును పిలుచుకు రావడానికి సంఘం గదికి పోయాడు. నేనూ వెంట పోయాను. మాకంటే ముందు ఇంకొకాయన కార్డు అచ్చయింది. కాంపౌండరు మీ తాత పేరు కొట్టాడు. పైన పేరు మారిందో లేదో అచ్చు మీట నొక్కేశాడు. కార్డు బయటికి వచ్చింది. పేరు మీ తాతది. కింద ‘చిటుకు టీకా అయినది’ అని ఉంది.

“యాడ అయింది సామీ? నా గొర్రెలు ఇంకా దడిలోనే ఉండాయి” అన్నాడు మీ తాత.

“కంప్యూటరు అయిందంటాంది పెద్దాయనా. నీకంటే దానికి జ్ఞాపకం ఎక్కువ.”

“నేను పొడిపించలేదంటాంటే!”

“పొడిసినప్పుడు నువ్వు నిద్రపోతా ఉండింటావు. జరుగు, ఎనకాల జనముండారు.”

గది గదంతా నవ్వింది. మీ తాత కార్డు మడిచి తలగుడ్డలో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. దారిలో నేను సర్దిచెప్పబోయాను. అంతకు ముందు వారం ఆయన జ్వరంతో రెండు రోజులు పడుకుంటే మా మరిది మందను తోలాడు. ఆ రెండు రోజుల్లో పొడిచారేమో అన్నాను. “అల్లుడు కట్టిన పేజీ తప్పు చెప్పదు” అని కూడా అన్నాను. “అయితే నీ అల్లుణ్ణే మొగుడిగా పెట్టుకో” అన్నాడు మీ తాత.

మరిది అప్పటికి కూలి పనికి హైదరాబాదు పోయాడు. ఒక్క ఫోను కొట్టి, ఏమబ్బీ, టీకా వేయించావా అని అడిగితే తేలిపోయేది. అడగలేదు తల్లీ. ఇద్దరమూ అడగలేదు. ఆయనకు రోషం, నాకు నమ్మకం. మరుసటి రోజు మంద పొదిలి దారి పట్టింది, ఇక్కడ మేత లేక.

ఆరో రోజు పొద్దున వాకిట్లో బండి ఆగింది. అల్లుడు దిగాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు.

“అత్తా, మామ మంద యాడుండాది?”

“పొదిలి దావన పోయింది. ఏం?”

“ఫ్రిజ్జులో టీకా సీసా ఒకటి మిగిలింది. కార్డుల ప్రకారం మిగలకూడదు. ఎవురి మంద తప్పిపోయిందా అని కార్డులన్నీ తిరగేసినా. మామదే.” ఆకాశం వైపు చూసి, “నా తెర అబద్ధం చెప్పింది” అన్నాడు.

మీ తాతకు ఫోను ఉంది. మా గూట్లో ఉంది. ఆయన దాన్ని గొర్రెల వెంట ఎప్పుడూ తీసుకుపోడు. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. నేను చెప్పులు వేసుకుని ఆయన బండి ఎక్కాను. టీకా ఐసు పెట్టె నా ఒళ్ళో పెట్టాడు. వెనక ఇంకో బండి మీద కాంపౌండరు. ఐసు చలికి నా మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. కనిపించిన ప్రతి వాణ్ణీ “తొంభై గొర్రెల మంద పోయిందా ఇట్ల? ఎర్ర తలగుడ్డాయన, కోపంగా ఉంటాడు” అని అడుగుతూ పోయాం. కంభం దాటాం, మార్కాపురం దాటాం. ఒకడు అట్ల అన్నాడు, ఒకడు ఇట్ల అన్నాడు. గాలిలో వాన వాసన వస్తుంటే “ఇంకొంచెం తొందరగా పోనీ అల్లుడా” అన్నాను.

దారిలో అల్లుడు వెనక్కి తిరగకుండానే చెప్పాడు. “పేజీ ముక్కలు ముక్కలుగా వస్తాదత్తా. పైన పేరు ముక్క, కింద టీకా ముక్క. టీకా ముక్క వచ్చేదానికి కొంచెం టైము పడతాది. అంతదాకా ఆడ తెల్లగా ఉండేది. జనం నవ్వుతాండారని, కొత్త ముక్క వచ్చేదాకా పాతదాన్నే ఆడ ఉంచినా. చట్రం మామది. పలక ఎవురిదో.”

జనం అన్నాడు. ఆ నవ్వు మొదలుపెట్టింది నేనేనని నేను అనలేదు. ఐసు పెట్టెను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పొదిలి దాటి ముండ్లమూరు వైపు పోతుంటే రోడ్డు తడిగా ఉంది. ముందు రోజే వాన పడిందక్కడ. బీడంతా పచ్చగా లేచింది. తుమ్మచెట్ల కింద మా మంద. మీ తాత గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన మా పెద్ద పొట్టేలు, కాళ్ళు చాచుకుని పడి ఉంది.

కాంపౌండరు బండి దిగాడు. మీ తాత లేవలేదు. “రా సామీ. నేను నిద్రపోతా ఉండానని గదా అన్నావు? ఇదిగో, ఇది నిద్రపోతాంది. లేపు” అన్నాడు.

అల్లుడు పోయి పొట్టేలు పక్కన గొంతుకూర్చున్నాడు. దాని చెవి మీద చెయ్యి వేశాడు. తరవాత లేచి, “మామా, గడ్డపార యాడ తెచ్చేది?” అన్నాడు.

“నీకు రాదులే. నువ్వు పెట్టెల పని చూసుకో.”

“తప్పు నాది మామా. గుంత నేనే తీస్తా.”

పక్క చేనాయన దగ్గర గడ్డపార అడిగి తెచ్చాడు. చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాడు. మీ తాత చూస్తూ చూస్తూ ఉండి, చివరికి పోయి మట్టి ఎత్తిపోశాడు. అప్పటికి కాంపౌండరు మందను గడ్డి మీద నుంచి ఎండుబీటిలోకి తోలాడు. ముగ్గురూ కలిసి ఒక్కొక్క గొర్రెనే పట్టి పొడిచారు. అల్లుడికి గొర్రెను పట్టుకోవడం రాదు, మెడ పట్టుకునేవాడు, అది మోకాలి మీద తన్నేది. “కాలు పట్టుకో నాయనా, మెడ గాదు!” అని మీ తాత అరిచాడు. ‘నాయనా’ అన్నాడు, విన్నావా? అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

పొడిచిన వెంటనే టీకా పని చేయదు కదా. రెండు వారాలు పచ్చిగడ్డి తగలకుండా కాపాడాం. అయినా ఇంకో రెండు పోయాయి. ఆ రెండు వారాలూ ఆయన రోజు విడిచి రోజు వచ్చి మందను చూసి పోయేవాడు. గొర్రెల మధ్య తిరిగి, మబ్బులు చూసి, వెళ్ళిపోయేవాడు.

తరవాత నన్ను సంఘం గదికి పిలిచాడు. మళ్ళీ ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు పోయాడు. తెర మొత్తం తెల్లబడింది. ఒకటి, రెండు, మూడు. అన్ని ముక్కలూ వచ్చి కూర్చున్నాకే అచ్చు మీట బయటపడింది. అంతదాకా నొక్కుదామన్నా అది కనబడదు.

“మళ్ళా నవ్వుతారు అల్లుడా” అన్నాను.

“నవ్వనీ. తెలుపు అబద్ధం చెప్పదత్తా.”

ఇంకొకటి చూపించాడు. టీకా సంగతి తెలియని మంద కార్డు తీశాడు. గడి ఖాళీగా లేదు. అందులో ‘ఇంకా తెలియదు. మనిషిని అడగండి’ అని ఉంది.

“ఇదేంది, ఖాళీగా పెట్టొచ్చు గదా?”

“ఖాళీ గడి కనబడితే జనం దాంట్లో వాళ్ళకు కావాల్సింది చూసుకుంటారు. ఆ రోజు మామ గొంతు చించుకోని చెప్తాండాడు. కార్డును చదివినారు గానీ, ఆయన్ను ఒక్కడన్నా అడిగినాడా?”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అల్లుడా, ఆ తెల్లతెర అనే పేరు...” అని మొదలుపెట్టాను.

“నువ్వే పెట్టినావని తెలుసులే అత్తా” అన్నాడు పెన్ను మూత కొరుకుతూ. “మంచి పేరే. ఉండనీ.”

అంతే తల్లీ. తరవాత మేం గొర్రెలు తీసేశాం, మీ తాత పోయాడు, నేను మీ దగ్గరికి వచ్చేశాను. సంఘం గదికి పోయే పని లేకపోయింది. మార్కాపురం పోయినప్పుడల్లా ఆయన షాపు ఎక్కడో కనుక్కోవాలనుకునేదాన్ని. ఆ షట్టరు ముందు నుంచే ఎన్నిసార్లు పోయానో, అదే ఆయన షాపని నాకు నిన్ననే తెలిసింది.

ఏమంటున్నావు? పైన పేరు రాయాలా? తెల్లతెర అని రాసేస్తే సరిపోతుందా? సరిపోదు. అది నేను పెట్టింది, వాళ్ళమ్మ పెట్టింది కాదు. ఫోనులో వెతుకుతానంటావా? వద్దు, దాన్ని అడగొద్దు. లే, చెప్పులు వేసుకో. పదిన్నర బస్సుకు పోదాం. ఆ షట్టరు పక్కన టీకొట్టు ఉంది, అక్కడ ఎవరో ఒక మనిషి ఉంటాడు, అడుగుదాం.

అందాకా పేరు గడి వదిలిపెట్టు. కాస్త పొడుగ్గా వదులు, కింద వత్తులకు కూడా చోటుంచు. ఆయన పేరు ఎంత ఉంటుందో మనకు తెలియదు కదా.